'రు' వంతు

"కమలాపళ్ళు నొక్కి చూడకు చిగుసా. అమ్మ ఎప్పుడూ అరచేతిలో పెట్టుకుని బరువు చూసేది," అంది ఇకుమి వదిన, వంటింటి గుమ్మంలో నిలబడి కోటు గుండీలు పెట్టుకుంటూ.

చిగుస నొక్కుతున్న పండుని అరచేతిలోకి తీసుకుంది. నిజమే, ఇలా పట్టుకుంటేనే తెలుస్తోంది. తేలికగా ఉన్నదాన్ని బుట్టలో వదిలేసి బరువైనదాన్ని సంచీలో వేసింది. కాసేపటికి గమనించింది, చెయ్యి తనంతట తనే ఎత్తుతోంది, తూచుతోంది, దించుతోంది. ఎవరో వాడి వదిలేసిన చెయ్యిలాగా. తను ఎన్నడూ చూడని తొమొయె అత్తయ్య ఈ ఇంట్లో ఇలాగే కొంచెం కొంచెంగా పరిచయమవుతోంది. ముందు కత్తెర ఎక్కడ పెట్టేదో తెలిసింది. తరవాత చేపా ముల్లంగీ ఉడికేటప్పుడు మూత ఎప్పుడు తీసేదో తెలిసింది. ఇప్పుడు పళ్ళ బరువు.

పెళ్ళయి ఇంకా ఏడాది తిరగలేదు. పొద్దున్నే లేచి ఒకే గ్లాసులో ఆనుకుని నిలబడ్డ రెండు బ్రష్షుల్ని చూస్తే ఇప్పటికీ నవ్వొస్తుంది చిగుసకి. భర్త షుంపేయి గొడుగు మరిచిపోయి ఆఫీసుకి వెళ్ళిపోతే ఆ గొడుగుని చూసినా నవ్వొస్తుంది. ఈ హిమి ఊరి గాలిలో ఉప్పు, కిటికీలోంచి సముద్రం, ఆకాశం తేటగా ఉన్న రోజున సముద్రానికి అవతల తేలినట్టు కనిపించే మంచు కొండలు, సాయంత్రం దుప్పటి కప్పిన వెచ్చని బల్ల కింద తన చల్లటి పాదాలను వెతుక్కుంటూ వచ్చే అతని పాదాలు. ఇన్ని ఉండగా ఇంకేం కావాలి అనుకుంటుంది. అనుకుని, ఎవరో విన్నట్టు వెనక్కి తిరిగి చూస్తుంది. వెనకాల ముందు గదిలో దేవుడి అరమరలో అత్తయ్య ఫోటో ఉంటుంది. ఏదో చుట్టాల పెళ్ళిలో తీసిన గుంపు ఫోటోలోంచి ఆమెను ఒక్కదాన్నే వేరు చేసి పెద్దది చేయించారు. పెదాలు కొంచెం విడివడి, గుండ్రంగా, ఏదో అనబోతున్నట్టు ఉంటాయి. నవ్వుతోంది అంటాడు మామయ్య. చిగుసకి మాత్రం నవ్వులా కనిపించదు.

ప్రతి నెలా ఆమె పోయిన తేదీ దగ్గరలో వచ్చే ఆదివారం ఇకుమి వదిన, ఆమె భర్త హరుఒమి అన్నయ్య పక్క ఊరి నుంచి కారులో వస్తారు. ఫోటో ముందు వేడి అన్నం, టీ పెట్టి, అగరొత్తి వెలిగించి, అందరూ భోజనాలు చేసి, స్టేషను వెనక ఉన్న, తెర మీద మాటలు చూస్తూ మైకులో పాడుకునే 'కామొమె' అనే పాటల గదులకి వెళ్తారు. అమ్మకి మేం పాడితే ఇష్టం, అందుకని మానలేదు అంటుంది వదిన. అత్తయ్య ఉన్నప్పటి ఆటే ఇప్పటికీ. అక్షరాల వరుసలు మనిషికిన్ని పంచుకుంటారు. ఎవరి వరుసలో అక్షరంతో పేరు మొదలవుతుందో ఆ పాటే వాళ్ళు పాడాలి. 'అ' వరుస ఇంటిపెద్ద కాత్సుమి మామయ్యది. 'క', 'స' వదినవి. 'త', 'న' అన్నయ్యవి. 'హ', 'మ' షుంపేయివి. చివర్న ఉన్న 'య', 'వ' ఎవరికి బుద్ధి పుడితే వాళ్ళవి.

"కొత్త కోడలికి 'ర' వరుస! ఇది మన ఇంటి పద్ధతి," అని మొదటిసారి వెళ్ళిన రోజున వదిన చప్పట్లు కొట్టింది. "అమ్మ కూడా కోడలిగా వచ్చినప్పటి నుంచీ 'ర' వరుసే. మా నానమ్మ ఇచ్చిందట."

వాళ్ళ భాషలో 'ర' వరుసతో, అంటే ర, రి, రు, రె, రొలతో, మొదలయ్యే మాటలే తక్కువ. ఉన్నవి కూడా చాలావరకు బయటి దేశాల నుంచి వచ్చి చేరినవి. అందులోనూ 'రు' అయితే మరీ కష్టం. మన దగ్గర ఎవరినైనా 'ఠ'తో పాట ఎత్తుకోమంటే ఎలా తెల్లమొహం వేస్తారో అలా వేస్తారు అక్కడి వాళ్ళు. చిగుస ఆ రోజు ఆ సంబరంలో అదేమీ ఆలోచించలేదు. పెద్ద వరుసలన్నీ అందరూ తీసుకోగా గిన్నె అడుగున మిగిలింది తనకి పెట్టారని కూడా తోచలేదు. రంగు లైట్లు తిరుగుతున్నాయి, ఆకుపచ్చ సోడా మీద ఐస్‌క్రీము తేలుతోంది, పక్కన కొత్త మొగుడున్నాడు. ఏ అక్షరమైతేనేం?

కూర్చోమని చూపించిన చోటు తలుపు పక్కన. అక్కడ సోఫా కొంచెం దిగిపోయి ఉంది. చిగుస కూర్చోగానే సరిగ్గా సరిపోయింది, ఆమె కొలతలు తీసి దించినట్టు. వెనకాల గోడకి, కింద కౌంటరుతో మాట్లాడే ఫోను. బీరు కావాలంటే ఆ ఫోను ఎత్తాలి. ఊలాంగ్ టీ కావాలన్నా, కోడిముక్కలు చల్లారాయన్నా, ఇంకో గంట పొడిగించాలన్నా అదే. తలుపు తట్టిన వాళ్ళ చేతుల్లోంచి ట్రే అందుకోవాలి. ఖాళీ గ్లాసులు అందించాలి. మామయ్య పాట చివర్న చెయ్యెత్తినప్పుడు గజ్జెల టాంబరిన్ ఆడించాలి. అన్నీ చిన్న పనులే. ఏది చెప్పినా ఇదీ ఒక పనేనా అనిపించేవే.

"చిగుస చెయ్యి ఎంత చురుకో చూశారా," అన్నాడు హరుఒమి అన్నయ్య ఆ రోజు. "ఫోను మోగీ మోగకముందే ఎత్తేసింది!"

"అచ్చం అమ్మలాగే," అన్నాడు షుంపేయి. అతని గొంతులో అంత ప్రేమ ఉంది. ఆ మాటకి ఆమె ముఖం వెలిగిపోయింది కూడా.

ఆ వెలుగు ఎప్పుడు మసకబారిందో చిగుసకి కచ్చితంగా తెలియదు. బహుశా 'రు' వంతు వచ్చినప్పుడు. 'ర', 'రి' పాటలు మొదలుపెట్టింది కానీ రెండింటిలోనూ సగంలో తలుపు చప్పుడైంది. ట్రే అందుకుని వచ్చేసరికి వదిన పాటని ఆపేసి, "పర్లేదులే, తరవాత పాడుదువుగాని," అని తన పాట పెట్టేసుకుంది. ఆ తరవాత 'రు' వచ్చింది. మామయ్య చెయ్యెత్తి అందరినీ ఆపాడు. "ఇది తొమొయెది," అన్నాడు. పాట లేదు. తెర నల్లబడింది. ఒక గ్లాసు ఊలాంగ్ టీ తలుపు పక్క చోటు ముందు పెట్టి, నలుగురూ అటు తిరిగి తలలు వంచారు. తలుపు పక్క చోటులో చిగుస కూర్చుని ఉంది. లేవాలో, తనూ తల వంచాలో, వంచితే ఎవరి వైపు వంచాలో తెలియక అలాగే ఉండిపోయింది. తన భర్త, తన ఆడపడుచు, తన మామగారు, అందరూ తనకే దణ్ణం పెడుతున్నారు, తను పోయినట్టు. ఎదురుగా నల్లటి తెరలో గది మొత్తం కనిపిస్తోంది. తలుపు పక్కన ట్రే ఒళ్ళో పెట్టుకుని ఒకావిడ కూర్చుని ఉంది. ఎవరో అనుకుంది చిగుస. ఆవిడ తనే అని తెలియడానికి కాసేపు పట్టింది. తెలిశాక కూడా పూర్తిగా నమ్మకం కుదరలేదు.

అప్పటి నుంచీ నెల నెలా అదే. వేసవి పోయింది, కమలాల కాలం వచ్చింది, ఇంతవరకూ ఆమె ఆ గదిలో ఒక్క పాట పూర్తిగా పాడలేదు. పెళ్ళికి ముందు పాటే ఆమెకి లోకం. కాలేజీలో బృందగానంలో ముందు వరుసలో నిలబడేది. షుంపేయి ఆమెను మొదట చూసిందీ స్నేహితుల పాటల గదిలోనే. ఆమె పాట అయ్యేసరికి అతను నోరు తెరుచుకుని, చేతిలో కోడిముక్క అలాగే పట్టుకుని ఉండిపోయాడు. "ఆ ముక్క పాట వింటూ చల్లారిపోయింది, నేను మాత్రం కాలిపోయాను," అని చెప్పి చెప్పి నవ్విస్తాడు ఇప్పటికీ. ఆ మనిషే ఇప్పుడు ఆమె పాట సగంలో ఆగితే, ఆగిందని గమనించడు. చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే ఎంత సులువుగా ఉండేదో. ఆమె పనిచేసే చేపల సహకార సంఘం ఆఫీసులో మేనేజరు "కొత్తపెళ్ళికూతురు కలిపితే టీ కూడా తియ్యగా ఉంటుందయ్యా" అని అందరి కప్పులూ ఆమె బల్ల మీదే పెట్టించినప్పుడు, వాడిని మనసులో తిట్టుకోవచ్చు. పాదాలు వెచ్చబెట్టే మనిషిని ఎలా తిట్టుకోవడం?

ఒక సాయంత్రం వెచ్చని బల్ల దగ్గర కమలాతొనలు ఒలుస్తూ అడిగింది. "మీ అమ్మ ఏం పాటలు పాడేవారు?"

"అమ్మా? అమ్మ పాడేది కాదు. మేం పాడితే వినడం సరదా అమ్మకి."

"పాడమని అడిగేవారా మీరు?"

"అడక్కుండా ఉంటామా? వంతు వచ్చినప్పుడల్లా మైకు ఇచ్చేవాళ్ళం. 'రు'తో పాటలేముంటాయర్రా, మీరు పాడుకోండి అనేది."

"మరి వేరే అక్షరం ఇవ్వచ్చుగా?"

షుంపేయి నవ్వాడు. తరవాత నవ్వు ఆపి, తొన నోట్లో పెట్టుకుని, నమలడం మరిచిపోయి కాసేపు బల్ల కేసి చూశాడు. "ఆట కదా అది," అన్నాడు చివరికి. "అలా ఉండేది, అంతే." అతని ముఖంలో చిన్నపిల్లాడి తికమక. చిగుసకి జాలి వేసింది. జాలి వేసినందుకు తన మీద తనకి కోపం వచ్చింది. ఆ రోజు గిన్నెలు కడుగుతుంటే వెనకాల ఎవరో ఊపిరి పీల్చుకున్నట్టు వినిపించింది. పాట ఎత్తుకునే ముందు పీల్చే ఊపిరి. ఆ తరవాత పాట రాలేదు. కొళాయి కట్టేసి చాలాసేపు ఎదురుచూసింది, రాలేదు.

బుధవారం ఆఫీసు సెలవు. మధ్యాహ్నం సముద్రం మీద ఉరిమింది. చలికాలం ఉరిమితే బురి చేపలు గుంపులుగా వస్తాయని ఊరంతా సంబరపడుతుంది. చిగుస సంత సంచీ పట్టుకుని బయల్దేరింది. చేపల సంత వైపు తిరగవలసిన కాళ్ళు స్టేషను వెనక్కి తిరిగాయి.

కౌంటరులో 'కామొమె' యజమానురాలు తెరుయొ గారు అల్లిక పని చేసుకుంటోంది. కళ్ళద్దాల మీంచి చూసింది. "ఉబుకాత వారి కోడలివి కదూ! ఒక్కదానివే వచ్చావేం?"

"ఒక్కదాన్నే. పాడుకోవచ్చా అండీ?"

"పాడుకోక ఇక్కడేమైనా దుప్పట్లు ఉతుక్కుంటారా! రా, చివరి గది ఇస్తాను. మీ అత్తగారి గది."

"మేం వచ్చేది మెట్ల పక్క గదికి కదండీ."

"అది మీ మామగారి గది. నేను చెప్పేది తొమొయె గది," అని తెరుయొ గారు అల్లిక పక్కన పెట్టింది. చెప్పనా వద్దా అన్నట్టు చిగుస చేతిలో సంచీ కేసి చూసి, "నువ్వూ సంత సంచీతోనే వచ్చావే," అంది మెల్లగా. "ఆవిడా అంతే. బుధవారం మధ్యాహ్నం సంతకని చెప్పి వచ్చేది. ఉల్లికాడలు సంచీలోంచి బయటికి తొంగి చూస్తుండేవి. గంట పాడుకుని, చేప కొనుక్కుని ఇంటికి పోయేది. ఎవరికీ చెప్పొద్దంది, చెప్పలేదు. నువ్వు ఇలా ఒక్కదానివీ వచ్చావు కాబట్టి చెబుతున్నా."

చిగుస సంచీని కౌంటరు మీద పెట్టింది. "అత్తయ్య పాడేవారు కాదట," అంది.

"ఎవరన్నారూ? ఆ మెషీన్లో 'రు'తో మొదలయ్యేవి ఎన్నున్నాయో అన్నీ వచ్చు ఆవిడకి. వేరే అక్షరం జోలికి పోయేది కాదు. అదేం పంతమే అంటే, వాళ్ళు నాకిచ్చింది ఇదొక్కటే కదా, దీన్నైనా పూర్తిగా అనుభవించనీ అనేది."

"మరి ఇంట్లోవాళ్ళ ముందు...?"

"ఒకసారి మొదలుపెట్టిందట, పిల్లలు చిన్నప్పుడు. సగంలో గోడ ఫోను మోగింది. అందరూ పాట మానేసి ఆవిడకేసి చూశారట, ఎత్తవేం అన్నట్టు. మైకు కింద పెట్టి ఎత్తింది. పది నిమిషాల్లో టైమైపోతుందట, ఇంకో గంట ఉందామా అని వాళ్ళని అడిగింది. ఆ ఫోను చేసిన పాపిష్టిదాన్ని నేనే. నాకేం తెలుసు!" తెరుయొ గారు కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. "తరవాత ఒక్కర్తీ రావడం మొదలుపెట్టాక నన్నో పని అడిగింది. నా పాట సగంలో ఒకసారి ఫోను చెయ్యవే తెరుయో అని. ఎందుకే అంటే, ఎత్తకుండా ఉండటం అలవాటు చేసుకోవాలి అంది. పాత మెషీను కదా, అందులో ఒకటి రికార్డయి ఉంది. చెరిపెయ్యడానికి చెయ్యి రాలేదు. వింటావా?"

చివరి గది చిన్నది. ఒక సోఫా, ఒక తెర. తెరుయొ గారు ఏదో నొక్కి, తలుపు దగ్గరగా వేసి వెళ్ళిపోయింది. తెర మీద పేరు వచ్చింది: 'రుసు నో అమఒతొ'. ఎవరూ లేని ఇంట్లో వాన చప్పుడు అని అర్థం. తరవాత ఆ ఊపిరి వినిపించింది. వంటింట్లో తన వెనకాల విన్న ఊపిరి.

గొంతు లోతుగా ఉంది, కొంచెం బొంగురుగా ఉంది. అంత పెద్ద గొంతు ఆ ఫోటోలో మనిషిది అని ఎవరూ నమ్మరు. అందరూ బయటికి వెళ్ళిన ఇంట్లో ఒకామె చూరు నుంచి పడే నీళ్ళు వింటుంది, అంతే పాట. మొదటి చరణం చివర్న ఫోను మోగింది, రికార్డులో. గొంతు వణికింది. ఒక మాట జారిపోయింది. ఫోను మోగుతూనే ఉంది. గొంతు తడబడుతూ, రాగం తప్పుతూ, దాన్ని మళ్ళీ పట్టుకుంటూ, మోగుతున్నదాని మీదుగా ఎక్కి నిలబడింది. ఫోను ఆగిపోయింది. పాట ఆగలేదు. అయిపోయాక రొప్పుతూ నవ్వు వినిపించింది, ఆ నవ్వులోనే, "మోగనీ తెరుయో, మోగనీ!" అన్న మాట.

చిగుస ఏడవలేదు. తెర నల్లబడింది, అందులో సోఫా మీద ఒకామె కనిపించింది. ఈసారి చిగుస చూపు తిప్పుకోలేదు. ఆ పాటే పెట్టుకుని లేచి నిలబడి పాడింది, మళ్ళీ పాడింది, గొంతు కాలేదాకా పాడింది. కిందికి దిగాక సంచీ భుజానికి తగిలించుకుని, "తెరుయొ గారూ, వచ్చే ఆదివారం మేమంతా వస్తాం," అంది. "'రు' వంతు వచ్చినప్పుడు నేను కిందికి ఫోను చేసి ఒక బీరు అడుగుతాను. అది గుర్తు. కాసేపాగి పైకి ఫోను చేస్తారా?"

తెరుయొ గారు అల్లిక చేతిలోకి తీసుకుంది. "చేస్తానమ్మా," అంది.

ఆదివారం అన్నీ మామూలుగానే జరిగాయి. అన్నం, టీ, అగరొత్తి, కమలాపళ్ళు. ఫోటో ముందు చేతులు జోడించినప్పుడు చిగుస ఆ గుండ్రటి పెదాల కేసి చూసింది. గదిలో మామయ్య ఓడరేవు పాట పాడాడు, వదిన మంచు పాట పాడింది, షుంపేయి రాగం తప్పి అందర్నీ నవ్వించాడు, చిగుస కూడా మనసారా నవ్వింది. అంత నవ్వులోనూ ఒకటే భయం. ఎత్తేస్తుందేమో తన చెయ్యి. ఆ చెయ్యి ఇప్పుడు తనది కాదు కదా, మోగితే చాలు లేస్తుంది. ఈ రోజు లేచిందా, ఇంక ఎప్పటికీ లేస్తూనే ఉంటుంది.

'రి' అయిపోయింది. చిగుస ఫోనెత్తి మామయ్యకి ఒక బీరు చెప్పింది. ఊలాంగ్ టీ గ్లాసు తలుపు పక్క చోటు ముందు పెట్టింది.

"ఇది తొమొయెది," అన్నాడు మామయ్య చెయ్యెత్తి.

నలుగురూ తిరిగి తలలు వంచారు. ఎత్తేసరికి ఆ చోటులో ఎవరూ లేరు. చిగుస తెర పక్కన మైకుతో నిలబడి ఉంది. తెర మీద పేరు వెలిగింది.

"అదేంటి చిగుసా, 'రు' అమ్మది కదా," అంది వదిన.

"అవును వదినా. అత్తయ్యదే."

ఊపిరి పీల్చుకుంది. ఆ ఊపిరి తర్వాత ఈసారి పాట వచ్చింది. మొదటి మాటకే షుంపేయి చేతిలో కోడిముక్క ఆగిపోయింది. నోరు తెరుచుకుంది, ఆ రోజులాగే. మామయ్య కనుబొమలు ముడిపడ్డాయి. వంటింట్లో కొళాయి చప్పుడు మధ్య ఆ రాగాన్ని ఎన్నో ఏళ్ళు విని, అది పాట అని కూడా అనుకోని మనిషి ముఖం అది. చూరు నుంచి నీళ్ళు పడుతున్నాయి, పాటలో. ఇంట్లో ఎవరూ లేరు.

ఫోను మోగింది.

చిగుస కుడి భుజం అదిరింది. చెయ్యి మైకుని వదిలేయబోయింది. అందరూ పాటలోంచి బయటికి వచ్చి ఆమెకేసి చూశారు, నలుగురూ ఒకేసారి.

"చిగుసా, ఫోను," అంది వదిన.

ఒక మాట జారిపోయింది. మోగనీ, అంది ఎవరో, బొంగురు గొంతుతో, చెవి పక్కనే. చిగుస మైకుని రెండు చేతులతో పట్టుకుని తరవాతి మాట అందుకుంది.

ఫోను మోగుతోంది. హరుఒమి అన్నయ్య కుషన్లు ఎత్తి చూశాడు. వదిన తన సెల్‌ఫోను తీసి చూసుకుంది. మామయ్య లేచి నిలబడ్డాడు. తెర వెనక చూశాడు, బల్ల కింద చూశాడు.

"ఎక్కడ మోగుతోందిరా అది?" అన్నాడు.

షుంపేయి నాలుగు గోడల కేసీ చూశాడు. తరవాత తలుపు పక్కన దిగిపోయిన సోఫా కేసి, దాని ముందు తాకకుండా ఉన్న టీ గ్లాసు కేసి చూశాడు. అతని ముఖం మెల్లగా పాలిపోయింది. ఆ ఫోను ఆ గదిలో మొదటి నుంచీ ఒకే చోట ఉంది. ఇన్నేళ్ళూ దాని ముందు ఎవరో ఒకరు కూర్చుని ఉండటం వల్ల వాళ్ళెవరికీ కనిపించలేదు.

చిగుస చూపించలేదు. రెండో చరణం మొదలుపెట్టింది.